ఏటి సూతకంలో కొత్త బండి

“రేపు మధ్యాహ్నంలోపు ఏదో ఒకటి చెప్పకపోతే, ఆ బండి మన తర్వాత బుక్ చేసుకున్నవాళ్లకి ఇచ్చేస్తారట,” అన్నాడు భరద్వాజ్, ఫోన్ బల్ల మీద బోర్లా పెడుతూ.

“ఇచ్చేస్తే పోయిందిలే అన్నట్టు చెప్తున్నవ్,” అంది కావ్యశ్రీ.

“నేనలా అన్నానా?”

“అనలే. మొహంల కనిపిస్తుంది.”

హైమావతి స్టవ్ దగ్గర నిలబడి పెసరట్టు అంచు లేపి చూసింది. ఇంకా కాలలేదు. కొడుకూ కోడలూ తన వెనకే మాట్లాడుకుంటున్నారు. తాను వెనక్కి తిరిగితే ఇద్దరూ మాట ఆపేస్తారని ఆమెకు తెలుసు. అందుకే తిరగలేదు.

నిన్న సాయంత్రం కార్ల డీలర్‌షిప్ నుంచి ఫోన్ వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఇదే వాదన. ఫోన్ తీయగానే అవతలి ఆవిడ, మిస్టర్ కోదండరామ్ ఉన్నారా అని అడిగింది. ఈ నాలుగు నెలల్లో ఆ ప్రశ్నకు ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో జవాబు నేర్చుకున్నారు. భరద్వాజ్, ఆయన లేరండీ అంటాడు. కావ్యశ్రీ, నేను వాళ్ల కోడల్ని, చెప్పండి అంటుంది. హైమావతి మాత్రం ఫోన్ పక్కవాళ్ల చేతికి అందిస్తుంది.

కిందటి వేసవిలో కోదండరామ్ బుక్ చేసిన బండి అది. కంపెనీ కొత్తగా తెచ్చిన డీజిల్ ఎస్‌యూవీ. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది, లోపల మూడు వరసల సీట్లుంటాయి. విండ్సర్‌లో ఇంజన్ల ప్లాంటులో ఉద్యోగమంతా గడిపిన మనిషి, రిటైరై కనాటా అనే ఊళ్లో కొడుకు దగ్గరికి వచ్చాక కూడా ఆ ఇంజన్ గురించి చదివి, వీడియోలు చూసి, చివరికి తడిసిన పలక రంగు కావాలని చెప్పి వచ్చాడు. నవంబరులో ఆయన పోయాడు. మార్చిలో బండి వచ్చింది.

“ఈ రోజుల్లో డీజిల్ ఏంటి కావ్యా. ఇంట్లో ఎలక్ట్రిక్ కారుంది, గరాజ్‌లో ఛార్జర్ ఉంది. నలుగురం మనుషులం, మూడు వరసల సీట్లు ఎందుకు? అది నాన్న పంతం. నాన్న ఉంటే ఆయనే నడుపుకునేవారు, నేనూ ఏమీ అనేవాణ్ణి కాదు.”

“పంతమే అనుకో. మామయ్య ఇష్టపడి తనకోసం కొనుక్కుందామనుకున్నది ఇన్నేళ్లలో ఇదొక్కటే గదా.”

“అసలు సంగతి అది కాదు.” భరద్వాజ్ గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆ వంటింట్లో మాట వినబడకుండా పోదు. “అమ్మని చూడు. నాన్న పోయినప్పటినుంచీ గడప దాటలేదు. ఎవరైనా గుడికి రమ్మంటే ఏటి సూతకం అంటుంది. హర్షిణి స్కేటింగ్ చూడ్డానికి రమ్మంటే ఏటి సూతకం. మీ ఫ్రెండ్ మృదుల వాళ్లింటికి ఊరికే భోజనానికి పిలిచినా అదే మాట. అంత నిష్ఠగా ఉన్న మనిషి కళ్లెదురుగా, ఏడాది తిరక్కుండా కొత్త బండి తెచ్చి నిలబెట్టమంటావా?”

“అత్తమ్మ కోసమైతే సరే,” అంది కావ్యశ్రీ.

పెసరట్టు అంచు మాడిన వాసన వచ్చింది. హైమావతి దాన్ని తీసి తన పళ్లెంలో వేసుకుని, ఇంకోటి పోసింది.

ఏటి సూతకం మాట అబద్ధం కాదు. తండ్రి పోయిన ఏడాది కొడుకు గుడికి వెళ్లడు, పండగ చేయడు, ఇంట్లోకి కొత్త వస్తువు తేడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే మనవరాలు మంచు మీద జారుతూ ఆడుకుంటుంటే చూడకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ మాట తాను కల్పించుకున్నదే.

నిజం ఇంకోటి. ఆ ఎలక్ట్రిక్ కారెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది.

దానికి చప్పుడుండదు. మలుపు తిరిగాక గానీ మలుపని తెలియదు. భరద్వాజ్ బ్రేకు తొక్కకుండానే, కాలు కాస్త ఎత్తితే చాలు, వెనకనుంచి ఎవరో కొంగు పట్టి లాగినట్టు బండి నెమ్మదిస్తుంది. అలా పదిసార్లు లాగేసరికి నోట్లో నీళ్లూరతాయి. కారు కొన్నరోజు వాడు ముందుగా ఎక్కించుకుంది తల్లినే. ముందు సీట్లో కూర్చోబెట్టి, నాలుగు వీధులు తిప్పి, “ఎలా ఉందమ్మా?” అని అడిగాడు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూపించినప్పటి మొహం అది. “పూలపల్లకీలా ఉందిరా,” అంది హైమావతి. ఆ మాట అన్నాక ఇక వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

కోదండరామ్ ఒక్కడికే తెలుసు. ఆయన కోటు జేబులో ఎప్పుడూ ఎండు ఉసిరి ముక్కల డబ్బా ఉండేది. కారులో భార్య మొహం చూసి, ఏమీ అడక్కుండా ఆ డబ్బా చేతిలో పెట్టేవాడు. దానితోనూ ఆగదనిపిస్తే, “కాస్త ఆపరా భరత్, కాళ్లు పట్టేస్తున్నాయి,” అనేవాడు. ఇద్దరూ దిగి గాలి పీల్చుకుని వచ్చేవాళ్లు. “నాన్నా, మీరు రోజూ నడవాలి,” అని కొడుకు క్లాసు పీకితే, నవ్వుతూ తలూపేవాడు.

డీజిల్ బండి బుక్ చేసి వచ్చిన రోజు ఆయన ఇంకో మాట అన్నాడు. “ఇందులో నీకు తిప్పదు చూడు. ఎత్తు ఎక్కబోతున్నా, ఆగబోతున్నా ఇంజన్ ముందే చెప్తుంది. చెవికి తెలిస్తే కడుపు సర్దుకుంటుంది.”

“మీ డీజిల్ మోజుకి నా కడుపుని అడ్డం పెట్టుకోకండి,” అంది హైమావతి.

ఆయన నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు.

ఆయన పోయాక ఉసిరి డబ్బా మిగిలింది. కారు ఆపమనే మనిషి లేడు. అందుకని ఆమె ఏటి సూతకం అంది. ఆ మాట అనగానే ఇంట్లో అందరూ గౌరవంగా తగ్గారు. మళ్లీ అడగలేదు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని ఆమె అనుకోలేదు కూడా. ఇప్పుడు అదే మాట ఎదురు తిరిగి, ఆయన తెప్పించిన బండిని గుమ్మంలోకి రానివ్వకుండా నిలబడింది.

“నానమ్మా, ఆర్ యూ సేయింగ్ నో టు తాతాస్ కార్?”

హర్షిణి ఎప్పుడొచ్చిందో, పొయ్యి పక్కన కుర్చీ ఎక్కి కూర్చుంది. మొన్న తొమ్మిదో ఏడు వచ్చింది దానికి.

“నేనేం అనలేదమ్మా.”

“డీజిల్ ఈజ్ బ్యాడ్ ఫర్ ద ప్లానెట్. వి డిడ్ ఇట్ ఇన్ స్కూల్.” కాస్త ఆలోచించి మళ్లీ అంది. “బట్ తాత సెడ్ ఐ గెట్ ద హోల్ బ్యాక్ రో.”

“చూశావా,” అన్నాడు భరద్వాజ్ భార్యతో. “నాన్న ఇక్కడా ఒక ఓటు కొనేసి పెట్టారు.”

అందరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే టాబ్లెట్ మోగింది. విండ్సర్ నుంచి సీతారామారావు. కోదండరామ్ తమ్ముడు. తెర మీద ముందు నుదురు కనిపించింది, తర్వాత ఫ్యాను, ఆ తర్వాత మనిషి.

“వదినా, తిన్నారా?”

“తింటున్నాం. మీరు?”

“మా ఇంట్లో ఓట్స్,” అని ఆగాడు, ఆ మాట చాలన్నట్టు. “భరత్ చెప్పాడు బండి సంగతి. అన్నయ్య మాట కాదనడానికి నేనెవర్ని? అయినా ఏడాది వెళ్లకుండా కొత్త వాహనమంటే నాకు మనసొప్పడం లేదు. మీరు గుడి గడపే తొక్కడం లేదు. మీరంత నియమంగా ఉంటుంటే, మేం పిల్లలకి సరే తెచ్చుకోండి అని ఎలా చెప్తాం?”

తెర అవతల ఎక్కడినుంచో ఆయన భార్య సుధామయి గొంతు వినిపించింది. “అక్కని అడిగారా, మీరే చెప్పేస్తున్నారా?”

“అడగడానికే కదా చేశాను.”

“అడగడమంటే ముందు ప్రశ్న ఉండాలండీ.”

సీతారామారావు అటు తిరిగి ఏదో అన్నాడు. మళ్లీ ఇటు తిరిగాడు. “రేపు పొద్దున్న పంతులు గారిని అడిగి ఫోన్ చేస్తాను. ఆయన చెప్పేదాకా ఎవరూ ఎక్కడా సంతకం పెట్టకండి. వదినా, మీరేమంటారు?”

వంటింట్లో అందరూ ఆమె వైపు చూశారు. చెప్పడానికి అదే సమయం. నా నియమం సగం నిజం, మిగతా సగం కడుపు అంటే సరిపోయేది. కొడుకు బల్ల దగ్గర కూర్చుని, కారు తాళం బదులు వాడే కార్డును వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. ఆ కార్డు మీద ఒక్క గీత పడకుండా చూసుకుంటాడు వాడు.

“అందరూ ఎలా అనుకుంటే అలాగే,” అంది హైమావతి.

ఫోన్ పెట్టేశాక భరద్వాజ్ వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. “అమ్మా, ఒక ఇబ్బంది ఉంది. బుకింగ్ నాన్న పేరూ నీ పేరూ కలిపి ఉంది. వద్దని చెప్పాలన్నా నువ్వొచ్చి సంతకం పెట్టాలట. కార్లెటన్ ప్లేస్ దాకా, ఓ అరగంట. అది గుడీ కాదు, పండగా కాదు. రాగలవా?”

“వద్దనడానికో, కావాలనడానికో పోయినంక చూసుకుందాం,” అంది కావ్యశ్రీ.

“వస్తాను,” అంది హైమావతి.

అంత వెంటనే వస్తాననేసరికి కావ్యశ్రీ తలెత్తి ఆమె వైపు చూసింది.

*

శనివారం పొద్దున్న ఎండ కాసింది గానీ చలి తగ్గలేదు. రోడ్డు పక్కకి నెట్టిన మంచు కుప్పలు, రోడ్డు మీద చల్లిన ఉప్పూ మట్టీ కలిసి నల్లబడ్డాయి. హైమావతి పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. చీర మీద చలికోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, గరాజ్‌లోకి వెళ్లేముందు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుంది.

“ముందు కూర్చోమ్మా. సీటు హీటర్ ఆన్ చేశా.”

ఆమె కూర్చుంది. వెనక కావ్యశ్రీ, హర్షిణి. కారు చప్పుడు లేకుండా వెనక్కి జరిగి వీధిలోకి వచ్చింది.

మొదటి సిగ్నలు దాటేదాకా బాగానే ఉంది. దూరంగా ఒక చోటు చూస్తూ కూర్చోమని కోదండరామ్ చెప్పేవాడు. నీళ్ల ట్యాంకు కనిపిస్తే దాన్నే చూసింది. అది వెనక్కి పోయింది. హైవే ఎక్కాక ముందు ఒక ట్రక్కు. భరద్వాజ్ కాలెత్తినప్పుడల్లా కారు వెనక్కి గుంజుతోంది, ట్రక్కు దూరం కాగానే ముందుకు దూకుతోంది.

“ఎలా ఉందమ్మా, వెచ్చగా ఉందా?”

ఆమె తల ఊపింది. నోరు తెరిచే ధైర్యం లేకపోయింది.

“చాలా రోజులకి బయటికొచ్చావు,” అన్నాడు వాడు. ఆ మాటలో సంతోషం ఉంది. రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పి ఒక్క క్షణం ఆమెను చూసి నవ్వాడు.

హైవే దిగాక రౌండ్‌అబౌట్ వచ్చింది. సగం తిరిగేసరికి ఉసిరి పులుపు గొంతులో ఎటో పోయింది.

“ఆపరా.”

“ఇక్కడా?”

“ఆపరా భరత్.”

ఒక కాఫీ షాపు పార్కింగులోకి తిప్పి ఆపాడు. కారు పూర్తిగా నిలబడకముందే హైమావతి తలుపు తెరిచి దిగి, మంచు కుప్ప దగ్గర వంగింది. వెనకనుంచి కావ్యశ్రీ పరుగున వచ్చి ఒక చేత్తో ఆమె నుదురు పట్టుకుంది, ఇంకో చేత్తో కోటు కిందనుంచి జారిన కొంగు పట్టుకుంది. కడుపులో ఏమీ లేదు. అయినా ఓకరింత చాలాసేపు వచ్చింది.

“ఏం తిన్నరు అత్తమ్మా పొద్దున?”

“ఏం తినలేదు. తింటే ఇంకా ఎక్కువవుతుందని.”

కావ్యశ్రీ నీళ్ల సీసా మూత తీసి ఇస్తూ ఆగిపోయింది. “ఇంకా ఎక్కువ అంటే? ఎప్పుడూ అవుతదా?”

హైమావతి నోరు పుక్కిలించింది. జవాబు చెప్పకుండా ఉండేందుకు రెండోసారి కూడా పుక్కిలించింది. అప్పటికి భరద్వాజ్ దిగి వచ్చి టిష్యూ పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. మంచు మీద తల్లి బూట్ల గుర్తులను చూస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

“నాన్నకి కాళ్లు పట్టేసేవి కావా?”

“ఆయన కాళ్లకేం. ప్లాంటులో రోజంతా నిలబడే మనిషి.”

“ప్రతిసారీ ఆయనే ఆపమనేవారు.”

“నన్ను అడగనివ్వలేదు.”

“మరి ఏటి సూతకం?”

“అది ఉంది. లేదనడం లేదు.” ఆమె టిష్యూ తీసుకుని మూతి తుడుచుకుంది. “స్కేటింగ్‌కి మాత్రం లేదు.”

కారు లోపలినుంచి హర్షిణి అద్దం దించింది. “సో యూ కెన్ కమ్ టు మై స్కేటింగ్?”

హర్షిణి కాసేపు చూసి అద్దం పైకెత్తుకుంది.

“పూలపల్లకీ అన్నావు కదమ్మా,” అన్నాడు భరద్వాజ్. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఆమెకు తేలికగా ఉండేది.

“నువ్వంత ఆశగా అడిగావు. కాలెత్తితే అది వెనక్కి గుంజుతుందని ఎలా చెప్పను?”

“దానికి సెట్టింగ్ ఉందమ్మా. అలా గుంజకుండా పెట్టుకోవచ్చు. ఒక్క బటన్. నువ్వు చెప్పుంటే ఆ రోజే మార్చేవాణ్ణి.”

హైమావతి కొడుకు మొహంలోకి చూసింది. ఒక్క బటన్. ఆయనకూ తెలియదు, తనకూ తెలియదు. ఇద్దరూ కలిసి ఈ పిల్లవాడి మనసు నొప్పించకూడదని ఎన్నిసార్లు రోడ్డు పక్కన నిలబడి, నొప్పి లేని కాళ్లు ఆడించుకున్నారో గుర్తొచ్చింది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక అది నవ్వులా నిలబడలేదు. కావ్యశ్రీ అత్తగారి వీపు నిమురుతూ నిలబడింది.

“ఇప్పుడు చెప్పండి అత్తమ్మా,” అంది కాసేపయ్యాక. “మా సంగతి, బాబాయ్ సంగతి పక్కన పెట్టండి. మామయ్య బండి మీకు కావాల్నా, వద్దా?”

“నాకు తెలియదమ్మా. నా కోసమే అన్నారాయన. తన మోజు కోసం నా పేరు చెప్తున్నారనుకున్నాను.”

భరద్వాజ్ కారెక్కి తెర మీద ఏదో నొక్కాడు. మిగిలిన దూరం, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడిపాడు. వెనక ఇద్దరు హారన్లు కొట్టినా తొందరపడలేదు. కొంచెం నయమే. పూర్తిగా కాదు. “నయంగా ఉందా?” అని అడిగితే, హైమావతి మొదటిసారి నిజం చెప్పింది. “సగం.”

“సగమా,” అన్నాడు వాడు. రోడ్డు చూస్తూనే తలూపాడు.

*

డీలర్‌షిప్‌లో వాళ్లకోసం ఎదురుచూస్తున్నది మిషెల్ అనే యాభై ఏళ్ల ఆవిడ. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్లకుండే యాస ఆమె ఇంగ్లీషులో ఉంది. హైమావతి చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఫోన్లో అలా అడిగినందుకు క్షమించమంది. తనకు తెలియదంది. హైమావతి పర్లేదన్నట్టు తలూపింది.

బండి బయట నిలబెట్టి ఉంది. తడిసిన పలక రంగు. అప్పుడే కడిగినట్టున్నారు, అంచుల్లో నీటిచుక్కలు గడ్డకట్టుకుపోయాయి. ఫొటోలో చూసినదానికన్నా ఎత్తుగా ఉంది. భరద్వాజ్ చేతులు జేబుల్లో పెట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. ఇష్టం లేని సంబంధం చూడ్డానికి వచ్చి, తీరా పిల్ల నచ్చినవాడిలా ఉంది వాడి వాలకం.

“మీవారు చాలా వింత కస్టమర్,” అంది మిషెల్. మంచి మాటగానే అంది. “టెస్ట్ డ్రైవ్‌కి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆయన నడపలేదు.”

“నడపలేదా?” అన్నాడు భరద్వాజ్.

“నన్ను నడపమన్నారు. ఆయన పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నారు. తర్వాత మధ్య వరసలో, ఆ తర్వాత వెనక వరసలో. అన్నిచోట్లా కళ్లు మూసుకునే. నిద్రపోయారనుకుని ఒకసారి ఆపాను. ఆపకండి, ఆ రౌండ్‌అబౌట్ ఇంకోసారి తిప్పండి అన్నారు. మీకు కారు పడదా అని అడిగాను. నాకు కాదు అన్నారు.” ఆమె మొహం చిట్లించి నవ్వింది. “దిగేటప్పుడు ఎండిన పండు ముక్క ఒకటి ఇచ్చారు. అంత పులుపు నేనెప్పుడూ తినలేదు.”

హైమావతి బండి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. చలికి గ్లవ్ లోంచి కూడా చల్లగా తగిలింది. చీకట్లో కూర్చున్నట్టు కళ్లు మూసుకుని, భార్య కడుపు ఎక్కడ తిరుగుతుందో తన కడుపుతో వెతుక్కున్న మనిషి ఆమె కళ్లకు కట్టాడు. ఆయన ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పినా మోజు అనేది తాను. అందుకే ఆ రోజు నవ్వి ఊరుకున్నాడు.

భరద్వాజ్ అటు తిరిగి రోడ్డువైపు చూస్తున్నాడు. కావ్యశ్రీ వెళ్లి అతని పక్కన నిలబడింది.

“స్టార్ట్ చేయమంటారా?” అంది మిషెల్.

ఇంజన్ అందుకుంది. పెద్ద మోత కాదు. రెండు వీధుల అవతల పిండిమర ఆడుతున్నట్టు, మెత్తటి గరగర. హర్షిణి ఎవరినీ అడక్కుండా చివరి వరసలోకి ఎక్కి, “ఇట్స్ పర్రింగ్, లైక్ ఎ క్యాట్,” అంది. ప్లానెట్ గురించి దానికి ఆ నిమిషంలో గుర్తు లేనట్టుంది.

“ఒక రౌండ్ తిప్పుదాం,” అన్నాడు భరద్వాజ్, ఇటు తిరిగి. “సంతకం సంగతి తర్వాత. నేను నడుపుతాను. నువ్వు ఎక్కడ కూర్చుంటావమ్మా? నాన్నలాగా అన్ని వరసల్లోనూ కూర్చుని చూడు.”

మిషెల్ లోపలికి వెళ్లి డీలర్ నంబరు ప్లేటు తెచ్చి వెనక తగిలించింది. దానితో ఊళ్లో తిప్పి తీసుకురావచ్చంది.

హైమావతి కదల్లేదు. విండ్సర్‌లో ఉన్నన్నాళ్లూ ఆమే కారు నడుపుకుంటూ డేకేర్‌లో పనికి వెళ్లేది. పిల్లవాణ్ణి ఈతకి, తబలాకి తిప్పింది ఆమే. ఆ రోజుల్లో ఒక్కనాడూ కడుపులో తిప్పలేదు. నడిపేవాళ్లకి తిప్పదు. కోదండరామ్ రిటైరై ఇంట్లో ఉండటం మొదలుపెట్టాక, ఖాళీగా ఉన్నాను కదా అని స్టీరింగ్ ఆయన తీసుకున్నాడు. ఆయనకు అది సరదా అని ఆమె పక్క సీట్లోకి జరిగింది. అలా జరిగాక మళ్లీ ఇటు రాలేదు.

భరద్వాజ్ డ్రైవర్ తలుపు తెరిచాడు.

“అటు నేను,” అంది హైమావతి.

“ఏంటమ్మా?”

“నేను నడుపుతాను.”

“అమ్మా, ఇది మన పాత సెడాన్ కాదు. ఎంత పొడుగుందో చూశావా? నువ్వు నడిపి ఎన్నేళ్లయింది? లైసెన్స్—”

“హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. గడువు వచ్చినప్పుడల్లా మీ నాన్నే వెంటపడి రెన్యూ చేయించారు. ఎందుకండీ అంటే, ఉండనీ అనేవారు.”

భరద్వాజ్ భార్య వైపు చూశాడు. సాయం వస్తుందనుకున్నాడేమో. కావ్యశ్రీ అప్పటికే మధ్య వరసలో కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. “నువ్వు కూడా రా,” అంది. “వెనక కూర్చుంటే ఎట్లుంటదో నీకూ తెలవాలె.”

హైమావతి కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, మెట్టు మీద బూటు ఆనించి, పైకెక్కింది. మిషెల్ పక్క సీట్లో కూర్చుని సీటు ముందుకు జరిపే మీట చూపించింది. సీటు ముందుకు వచ్చింది, పైకి లేచింది. కాళ్లకు పెడల్స్ అందాయి. చేతులకు స్టీరింగ్ అందింది. దానిలోంచి ఇంజన్ సన్నగా అరచేతుల్లోకి వస్తోంది. ఎత్తు మీదనుంచి మంచు కుప్పల అవతల రోడ్డూ, రోడ్డు అవతల పొలమూ కనిపించాయి.

అద్దంలో చూసింది. కొడుకు తన వెనకే, చిన్నప్పుడు కూర్చున్న వైపే కూర్చున్నాడు. రెండు చేతులతోనూ పైనున్న పిడి పట్టుకున్నాడు.

“ఇంకా కదల్లేదురా,” అంది.

“ముందు జాగ్రత్త.”

గేరు వేయబోతుంటే వాడి ఫోన్ మోగింది. బయటికి తీసి చూసి, ఎత్తకుండా పట్టుకున్నాడు.

“బాబాయ్ అమ్మా. పంతులు గారిని అడిగి చేస్తున్నట్టున్నారు.”

ఇంజన్ గరగర, ఫోన్ మోత రెండూ కలిసి వినిపిస్తున్నాయి. పంతులు గారు సరే అని ఉంటే మంచిదే. కాదని ఉంటే, మరిది మాట విన్నాక ఈ సీట్లో కూర్చోవడం తనవల్ల కాదు. ఆ సంగతి హైమావతికి తెలుసు. డీలర్‌షిప్ అద్దాల్లోంచి కనిపిస్తున్న గోడ గడియారం పన్నెండుకు దగ్గరపడుతోంది.

“ఎత్తమంటావా?” అన్నాడు భరద్వాజ్.

ఆమె ఎడమ చేతి గ్లవ్ తీసింది, తర్వాత కుడిది. రెండూ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

“నువ్వొద్దు. హర్షిణికియ్యి.” అద్దంలో చివరి వరస వైపు చూసింది. “నువ్వెత్తు బంగారం. నానమ్మ బండి నడుపుతోంది, ఇప్పుడు మాట్లాడకూడదని చెప్పు.”

బండి అప్పటికింకా నిలబడే ఉంది.